పరీక్ష పెట్టారు సరే, సెంటర్ దాకా చేరింది ఎవరు?

కోవిడ్ నడుమ, 2020 సెప్టెంబరు 1న ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ మొదలైంది. ఆ రోజుకి హైదరాబాద్‌లో మెట్రో తిరగడం లేదు, అది 7న మొదలైంది. సిటీ బస్సులు రోడ్డెక్కింది 25న. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ఆర్టీసీ బస్సులైతే నవంబరు 2 దాకా లేనే లేవు. ఏ సంస్థ ఎన్ని కిలోమీటర్లు తిప్పాలన్న లెక్క తేలక, ఒప్పందం కుదరక, ఏడు నెలలు సరిహద్దు దగ్గర ఆగిపోయాయి. జిల్లాల్లో బస్సులు మే నెల నుంచి తిరుగుతున్నా అరకొరగానే తిరిగాయి. ఇంకోపక్క అదే సెప్టెంబరులో తెలంగాణ ఎంసెట్, నీట్, ఆంధ్ర ఎంసెట్, జేఈఈ అడ్వాన్స్‌డ్ ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. ఇంజనీరింగ్, మెడిసిన్ మీద ఆశ పెట్టుకున్న పిల్లలందరి భవిష్యత్తు ఆ ఒక్క నెలలో తేలింది.

అప్పట్లో వాదన అంతా ఒక్క ప్రశ్న మీదే నడిచింది. పరీక్ష పెట్టాలా, వాయిదా వేయాలా? టీవీల్లోనూ అదే, కోర్టుల్లోనూ అదే. దాని పక్కనే అడగాల్సిన రెండో ప్రశ్నను గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. పరీక్ష పెడితే, పిల్లల్ని సెంటర్ దాకా చేర్చే బాధ్యత ఎవరిది? గేటు లోపల ఏం జరగాలో జేఈఈ మెయిన్, నీట్ నిర్వహించే జాతీయ సంస్థ ఎన్‌టీఏ పేజీలకు పేజీలు రాసింది. మాస్కు, శానిటైజర్ సీసా, లోపలున్నది కనిపించే నీళ్ల సీసా, ఒంట్లో బాగుందన్న స్వీయ ధ్రువీకరణ పత్రం, ఎవరు ఏ సమయానికి రావాలి... అన్నీ ఉన్నాయి. ఇంటి గుమ్మం నుంచి ఆ గేటు దాకా ఉన్న దూరాన్ని మాత్రం తల్లిదండ్రులకే వదిలేశారు.

వాయిదాల వరసను ఒకసారి గుర్తు చేసుకుందాం. జేఈఈ మెయిన్ రెండో విడత 2020 ఏప్రిల్ మొదటి వారంలో జరగాల్సింది, నీట్ మే 3న. లాక్‌డౌన్‌తో రెండూ జులైకి వెళ్లాయి. జులై 3న మళ్లీ వాయిదా వేసి సెప్టెంబరు తేదీలు ఇచ్చారు. ఏప్రిల్ మొదట్లో దేశంలో రోజుకు వచ్చే కేసులు వందల్లో ఉన్నాయి. జులై మధ్యకి 30 వేలు దాటాయి. నీట్ జరిగిన సెప్టెంబరు 13 నాటికి 90 వేలు దాటాయి. మొదటి వేవ్ తారస్థాయికి చేరిన వారంలోనే పదమూడు లక్షల మందికి పైగా పిల్లలు ఒకే రోజు పెన్ను పట్టుకుని కూర్చున్నారు. ప్రమాదం నుంచి తప్పించాలని వేసిన వాయిదా నేరుగా ప్రమాదం మధ్యకే చేర్చింది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. వైరస్ ఎప్పుడు తగ్గుతుందో ముందుగా చెప్పగలిగినవాళ్లు అప్పుడు లేరు. కానీ వాయిదా వేయడమే ఒక రక్షణ అని అనుకోవడం ఎంత బలహీనమైన ఆలోచనో ఆ మూడు అంకెలే చెబుతున్నాయి.

అందుకే పరీక్ష పెట్టడమే తప్పన్నవాళ్లతో నేను ఏకీభవించలేను. 2020 ఆగస్టు 17న సుప్రీంకోర్టు వాయిదా పిటిషన్‌ను కొట్టేస్తూ విద్యార్థుల భవిష్యత్తును ప్రమాదంలో పెట్టలేమంది. సెప్టెంబరు 4న ప్రతిపక్ష పాలిత రాష్ట్రాల మంత్రులు వేసిన రివ్యూ పిటిషన్‌నూ తోసిపుచ్చింది. ఆ ఏడాదిని ప్రవేశాలే లేని జీరో ఇయర్ చేసి ఉంటే నష్టం అందరికీ సమానంగా ఉండేది కాదు. డబ్బున్న ఇంటి పిల్లాడు ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరతాడు, లేదంటే యాజమాన్య కోటాలో సీటు కొనుక్కుంటాడు. కూలి ఇంటి పిల్లకు ఏడాది ఖాళీగా ఉండటమంటే చాలాసార్లు పెళ్లి సంబంధం, లేదంటే పొలం పని. ఏర్పాట్లు చేయలేదనీ అనలేం. జేఈఈ సెంటర్లను 570 నుంచి 660కి, నీట్ సెంటర్లను 2,546 నుంచి 3,843కి పెంచారు. నీట్‌లో గదికి 24 మందిని కూర్చోబెట్టే చోట 12 మందినే కూర్చోబెట్టారు. గేటు లోపల వ్యవస్థ బాగానే పనిచేసింది.

మరి గేటు బయట? సెప్టెంబరు జేఈఈ మెయిన్‌కు 8.58 లక్షల మంది నమోదు చేసుకుంటే రాసింది దాదాపు 6.35 లక్షలు, అంటే 74 శాతం. అదే ఏడాది జనవరిలో హాజరు 94 శాతానికి పైగా ఉంది. జనవరిలో మంచి స్కోరు తెచ్చుకున్నవాళ్లు రెండోసారి రాయాల్సిన అవసరం లేక మానేసి ఉంటారని అప్పటి విద్యాశాఖ మంత్రి రమేశ్ పోఖ్రియాల్ నిశాంక్ చెప్పారు. ఆ మాటలో కొంత నిజం ఉండొచ్చు. కానీ నీట్‌కు ఆ వివరణ అతకదు. నీట్ ఏడాదికి ఒక్కసారే. 2019లో 15.19 లక్షల మంది నమోదు చేసుకుంటే 14.10 లక్షల మంది రాశారు, దాదాపు 93 శాతం. 2020లో 15.97 లక్షల మందిలో రాసింది 13.67 లక్షలు, 85.57 శాతం. 2021లో హాజరు మళ్లీ 95 శాతం దాటింది. 2019 లెక్కనే 2020కి వేసుకుంటే లక్షకు పైగా పిల్లలు మామూలు సంవత్సరంలో అయితే రాసి ఉండేవాళ్లు, ఆ సెప్టెంబరులో రాలేదు. వాళ్లలో జ్వరంతో పడుకున్నవాళ్లు ఎందరు, బస్సు దొరకనివాళ్లు ఎందరు, ఇంట్లో చావు జరిగినవాళ్లు ఎందరు? పల్లెవాళ్లు ఎందరు? ఫలితాల రోజు విడుదలయ్యే పట్టికల్లో ఆ వివరం ఉండదు. టాపర్ల మార్కులు మాత్రం దశాంశాలతో సహా ఉంటాయి.

దారి చూపించడం అసాధ్యం కాదని ఆ సమయంలోనే రుజువైంది. జేఈఈ, నీట్ రాసేవాళ్లకు ఒడిశా ప్రభుత్వం ఉచిత ప్రయాణం, ఉచిత వసతి ఏర్పాటు చేసింది. కోల్‌కతాలో మెట్రో అప్పటికి సాధారణ ప్రయాణికులకు మొదలు కాకపోయినా, నీట్ రోజున పరీక్ష రాసేవాళ్ల కోసం రైళ్లు నడిపింది. అంటే అడ్డం పడింది వైరస్ ఒక్కటే కాదు. పిల్లల ప్రయాణం కూడా పరీక్షలో భాగమే అని అనుకోవడం, అనుకోకపోవడం దగ్గరే తేడా వచ్చింది.

కోవిడ్ వల్ల నీట్ రాయలేకపోయిన వాళ్లకు అక్టోబరు 14న ఇంకో అవకాశం వచ్చింది, మంచిదే. సుప్రీంకోర్టు అనుమతి ఇచ్చింది మాత్రం అక్టోబరు 12న, పరీక్షకు రెండు రోజుల ముందు. క్వారంటైన్‌లో ఉన్న పిల్లకు ఆ అవకాశం ఉంటుందని సెప్టెంబరు 12 రాత్రే తెలిసి ఉంటే ఎంత బాధ తప్పేదో! 2020 అడ్వాన్స్‌డ్‌కు నమోదు చేసుకుని రాయలేకపోయినవాళ్లను 2021లో మెయిన్ అవసరం లేకుండా నేరుగా రాయనిచ్చారు. అదీ పరీక్ష అయిపోయాక అక్టోబరులో తీసుకున్న నిర్ణయమే. ఉపశమనం ముందే ప్రకటించి ఉంటే జ్వరం దాచుకుని సెంటర్‌కు వెళ్లాల్సిన అవసరం ఎవరికీ ఉండేది కాదు.

ఇంటి నుంచే రాయించాలన్న ప్రయత్నమూ జరిగింది. బెంగళూరు నేషనల్ లా స్కూల్, లా కోర్సుల ఉమ్మడి ప్రవేశ పరీక్ష క్లాట్ నుంచి పక్కకు వచ్చి, సెప్టెంబరు 12న సొంతంగా ఆన్‌లైన్ పరీక్ష పెట్టుకుంది. సెప్టెంబరు 21న సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసి, 28న జరిగే క్లాట్ ద్వారానే చేర్చుకోమంది. ఇంట్లో ల్యాప్‌టాప్, వెబ్‌క్యామ్, ఆగకుండా వచ్చే నెట్ ఉన్నవాళ్లకే వీలయ్యే పరీక్ష అది. బస్సు లేని పిల్లాడికి ల్యాప్‌టాప్ ఉంటుందనుకోవడం ఎలా?

ఇక 2021. సెకండ్ వేవ్‌లో ఇంటర్ పరీక్షలే ఎగిరిపోయాయి. జూన్ 1న సీబీఎస్ఈ పన్నెండో తరగతి పరీక్షలు రద్దయ్యాయి, తర్వాతి వారంలో తెలంగాణ సెకండియర్ రద్దు చేసింది. జూన్ 28న ఇచ్చిన ఫలితాల్లో 4.51 లక్షల మందీ పాస్. ఫస్టియర్ మార్కులనే సెకండియర్‌కూ వేశారు, ప్రాక్టికల్స్‌కు పూర్తి మార్కులిచ్చారు. ఆంధ్రప్రదేశ్ మాత్రం పరీక్షలు పెడతామని చివరి దాకా పట్టుబట్టింది. గదికి 15 నుంచి 18 మందిని కూర్చోబెడతామంటే, 34 వేలకు పైగా గదులు ఎక్కడి నుంచి తెస్తారని జూన్ 24న సుప్రీంకోర్టు అడిగింది. ఒక్క ప్రాణం పోయినా కోటి రూపాయల దాకా పరిహారం కట్టాల్సి రావచ్చని హెచ్చరించింది. ఆ సాయంత్రమే పది, ఇంటర్ పరీక్షల రద్దు ప్రకటన వచ్చింది. పదో తరగతికి 30 శాతం, ఫస్టియర్‌కు 70 శాతం లెక్కన మార్కులు కట్టి జులై 23న ఫలితాలు ఇచ్చారు. అందరూ పాస్.

రద్దు సరైనదే. కానీ దాని వెనక జరిగిన మార్పును చాలామంది గమనించలేదు. ఎంసెట్ ర్యాంకులో 25 శాతం వెయిటేజీ ఇంటర్ మార్కులకు ఉండేది. మార్కులకే విలువ లేకుండా పోయింది కాబట్టి 2021లో రెండు రాష్ట్రాలూ ఆ వెయిటేజీ తీసేశాయి. ర్యాంకు మొత్తం మూడు గంటల పరీక్ష మీద పడింది. ఇంటర్ మార్కులు పవిత్రమైనవని నేను అనడం లేదు, ప్రైవేటు కాలేజీల ప్రాక్టికల్ మార్కుల సంగతి అందరికీ తెలిసిందే. అయినా ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు అకాడమీ పుస్తకం పట్టుకుని చదివిన పిల్ల తన కష్టంతో సంపాదించుకోగలిగింది ఆ మార్కులనే. కోచింగ్ కొనుక్కోలేనివాళ్లకు ర్యాంకులో ఉన్న కాస్త ఆసరా అది. పైగా ఆ ఏడాది ఆ పిల్ల పాఠాలు విన్నది దూరదర్శన్ యాదగిరిలో, తెలంగాణ ప్రభుత్వ చానెల్ టీశాట్‌లో. అవతల కార్పొరేట్ కాలేజీ పిల్లాడికి ఆన్‌లైన్ క్లాసులు, వారం వారం టెస్టులు ఆగలేదు. ఇద్దరికీ ఒకే ప్రశ్నపత్రం, ఈసారి మార్కుల ఆసరా కూడా లేకుండా. తెలంగాణ ఆ వెయిటేజీని 2023లో శాశ్వతంగా తీసేసింది. మహమ్మారి రోజుల్లో తాత్కాలికంగా తీసుకున్న నిర్ణయం, సరైన చర్చ లేకుండానే, స్థిరపడిపోయింది.

దరఖాస్తుల దగ్గరా ఇలాంటి చిక్కులే. 2020 జులైలో తెలంగాణ సప్లిమెంటరీ పరీక్షలు రద్దు చేసి 1.47 లక్షల మందిని పాస్ చేసింది. తీరా కౌన్సెలింగ్‌కు వస్తే, ఇంజనీరింగ్‌కు ఇంటర్‌లో 45 శాతం ఉండాలన్న పాత నిబంధన అడ్డం వచ్చింది. 35 మార్కులతో పాసైనవాళ్లు ర్యాంకు చేతిలో పెట్టుకుని బయట నిలబడ్డారు. ఆ తర్వాతే నిబంధన సడలించారు. ఒక చేత్తో ఇచ్చిన పాస్ ఇంకో చేతిలో చెల్లుతుందో లేదో ముందే చూసుకోవాల్సింది ఇంటర్ బోర్డూ ఉన్నత విద్యామండలీ కదా! కౌన్సెలింగ్ ఆలస్యమయ్యే కొద్దీ సీటు పోతుందన్న భయంతో ప్రైవేటు యూనివర్సిటీలకు ముందే డబ్బు కట్టిన కుటుంబాలు ఎన్నో. నవంబరు 30 లోపు సీటు వదులుకుంటే ఫీజు మొత్తం వెనక్కి ఇవ్వాలని యూజీసీ చెప్పింది. ఆ సంగతి తెలిసి, అడిగి, తిరిగి తీసుకోగల తల్లిదండ్రులకే అది ఉపయోగపడింది.

2020లో పదో తరగతి పరీక్షలు మధ్యలో ఆగిపోయి పాసైన బ్యాచ్ గురించి ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాలి. ఇంటర్ ఫస్టియర్ కూడా వాళ్లు పరీక్ష లేకుండానే దాటారు. సెకండియర్‌లోకి వచ్చాక, 2021 అక్టోబరు 25 నుంచి తెలంగాణలో వాళ్లతో ఫస్టియర్ పరీక్షలు రాయించారు. మొదటి నుంచి చివరి పేపరు దాకా వాళ్లు పూర్తిగా రాసిన మొదటి పబ్లిక్ పరీక్ష అదే. డిసెంబరు 16న ఫలితాలు వచ్చాయి. పాసైంది 49 శాతం. పిల్లల ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి. డిసెంబరు 24న ప్రభుత్వం అందరికీ కనీస మార్కులు వేసి పాస్ చేసింది. ఎనిమిది రోజుల తర్వాత తీసుకోగలిగిన నిర్ణయం ఎనిమిది రోజుల ముందు ఎందుకు తీసుకోలేదో ఆ ఇళ్లలో ఎవరు వెళ్లి చెప్పాలి?

ఈ రెండేళ్లలో నాకు నిజంగా నచ్చిన నిర్ణయం ఒకటుంది. 2021లో జేఈఈ మెయిన్‌ను నాలుగు విడతలుగా పెట్టారు. అన్నిట్లో వచ్చిన మంచి స్కోరే లెక్క. 90 ప్రశ్నల్లో 75 రాస్తే చాలు. తెలుగులోనూ రాసుకోవచ్చు. ఏప్రిల్, మే విడతలు సెకండ్ వేవ్‌లో ఆగిపోయి, మూడోది జులైలో జరిగి, చివరిది సెప్టెంబరు దాకా సాగినా ఒక రోజు జ్వరం ఏడాది చదువును మింగేయలేదు. 2022లో మళ్లీ రెండు విడతలకు తగ్గించారు. నీట్ అప్పుడూ ఇప్పుడూ ఒక్కరోజే. ఒక్క రోజు మీద బతుకు మొత్తం వేలాడదీసే పద్ధతి మహమ్మారిలో ప్రమాదకరమైతే, మామూలు రోజుల్లో ఎలా న్యాయమవుతుంది? టైఫాయిడ్‌కు, ఇంట్లో మరణానికి మహమ్మారి అక్కర్లేదు కదా.

కావలసినవి పెద్ద సంస్కరణలేం కావు. హాల్ టికెట్ చూపిస్తే పరీక్ష ముందురోజు నుంచి తర్వాతి రోజు దాకా రెండు రాష్ట్రాల ఆర్టీసీల్లోనూ, సరిహద్దు దాటినా సరే, ఉచిత ప్రయాణం ఇవ్వాలి. ఆడపిల్లలకు రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ఉచిత బస్సు ఉన్నా అది సొంత రాష్ట్రం వరకే, మగపిల్లలకైతే అదీ లేదు. ఆస్పత్రి కాగితం ఉన్నవాళ్లకు రెండో తేదీ ఎప్పుడో నోటిఫికేషన్‌లోనే ప్రకటించాలి, కోర్టు చెప్పేదాకా ఆగకూడదు. నీట్‌కు కనీసం రెండు విడతలు కావాలి. తెలంగాణ ఎంసెట్‌లో ఇంటర్ వెయిటేజీ తిరిగి రావాలి, ప్రాక్టికల్స్ పక్కనపెట్టి థియరీ మార్కుల వరకైనా. ఫలితాలతో పాటు గైర్హాజరైన వాళ్ల వివరాలు కూడా మండలాలవారీగా, ప్రభుత్వ కాలేజీ, ప్రైవేటు కాలేజీ తేడా చూపిస్తూ ఎన్‌టీఏ, ఉన్నత విద్యామండళ్లు ప్రచురించాలి. దరఖాస్తు నింపేటప్పుడే ఈ సమాచారమంతా వాళ్ల చేతికి వస్తోంది. పట్టిక తయారు చేయడానికి ఒక రోజు కూడా పట్టదు.