మత్తడి దారిలో మా ఇల్లు

ఇక్కడ లండన్‌లో మన సంఘం దసరా సంబరాల్లో నేను చూపించిన ఆ రెండు ఫొటోల స్లైడు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎడమ పక్క బెల్జియంలోని బ్రూజ్‌లో కాలువ, హంసలు, నీళ్ళలో తలకిందులుగా గంటగోపురం. కుడి పక్క 2020 ఆగస్టు వానల్లో హన్మకొండ నయీంనగర్ నాలా, దాంట్లో కొట్టుకొస్తున్న ఒక ప్లాస్టిక్ కుర్చీ. పైన పెద్దక్షరాల్లో "వాళ్ళ కాలువ, మన కాలువ" అని పెట్టాను. హాలంతా నవ్వింది. కల్చరల్ కమిటీ వాళ్ళు నాకిచ్చిన పది నిమిషాల్లో అంత నవ్వు ఇంకే స్లైడుకూ రాలేదు. సోమవారం పొద్దటికల్లా అది మన వాట్సాప్ గ్రూపు దాటి వరంగల్ పోయి, మా చిన్నాయన కొడుకు ఫోన్లోంచి తిరిగి నాకే వచ్చింది. "అన్నా, ఎవడో మస్తు చేసిండు చూడు" అని రాశాడు.

ఆ స్లైడును వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు బ్రూజ్ సంగతి, ఆ తర్వాత దసరా భోజనాల దగ్గర బగారా అన్నం లైనులో జరిగిన సంగతి చెప్పాలి.

సెప్టెంబరులో ఒక శని ఆదివారాలు చూసుకుని నలుగురం బ్రూజ్ పోయాం. హన్మకొండలో ఇంటర్ చదివినప్పుడు నలుగురిదీ ఒకటే బెంచీ. పాతికేళ్ళయినా పిలుపులు మారలేదు కాబట్టి పేర్లతో పని లేదు. డాక్టరు (నిజంగానే డాక్టరు), పొట్టోడు (ఆరడుగులు), సేటు, నేను. లండన్‌లో రైలెక్కి బ్రస్సెల్స్‌లో మారితే అక్కణ్ణుంచి ఇంకో గంట. సేటు వాళ్ళమ్మ పంపిన సకినాలు బ్రస్సెల్స్ రాకముందే అయిపోయాయి.

ఊరి నడుమ 83 మీటర్ల గంటగోపురం, పైకి 366 మెట్లు. డాక్టరు సగంలో కూలబడి, మోకాళ్ళ గురించి మనందరికీ చెప్పే సలహాలన్నీ తనకు తనే చెప్పుకున్నాడు. కిందికి దిగి పడవెక్కాం. పడవ నడిపే పెద్దమనిషి అరగంటలో మూడు భాషల్లో ఊరి పుట్టుపూర్వోత్తరాలన్నీ అప్పజెప్పాడు. 1134లో సముద్రం పొంగి, ఇసుక నేలను కోసుకుంటూ లోపలికి వచ్చి జ్విన్ అనే పాయ పడిందట. అప్పుడు మన దగ్గర రెండో ప్రోలరాజు ఏలుతున్నాడు, వేయిస్తంభాల గుడి లేవడానికి ఇంకా ముప్పయ్యేళ్ళుంది. ఆ పాయ పుణ్యాన బ్రూజ్‌కు సరుకు ఓడలు వచ్చాయి, ఇంగ్లండు ఉన్ని వచ్చింది, ఇటలీ వర్తకులు వచ్చి దుకాణాలు తెరిచారు. తర్వాత అదే పాయ పూడుకుపోయింది. 15వ శతాబ్దం చివరికి ఓడలు తిరగలేక వ్యాపారం ఆంట్‌వెర్ప్‌కు తరలిపోయింది. ఊరు చితికిపోయింది. పాత ఇల్లు కూలగొట్టి కొత్తది లేపే స్తోమత ఎవరికీ లేక, ఉన్నవి ఉన్నట్టే మిగిలాయి. 2000లో యునెస్కో వాళ్ళు వచ్చి పాత ఊరు మొత్తాన్ని ప్రపంచ వారసత్వ సంపద అన్నారు.

"అంటే నాలుగొందల ఏండ్లు ఈ ఊరికి ఎన్నారైలు లేరన్నమాట, అందుకే మిగిలింది" అన్నాడు పొట్టోడు. పడవ ఊగేటట్టు నవ్వాం.

హంసల కథ కూడా చెప్పాడు. 1488లో ఊరి జనం తమ దొర మాక్సిమిలియన్‌ను బంధించి, అతని మనిషి లాంఖాల్స్ తల తీశారు. ఆ పేరు వాళ్ళ భాషలో పొడుగు మెడ అన్నట్టు వినిపిస్తుంది. అందుకని, ఇక ఎల్లకాలం ఈ నీళ్ళలో పొడుగు మెడల పక్షుల్ని సాకండి అని ఊరికి శిక్ష పడిందట. ఇది కథే. హంసల్ని మాత్రం ఇప్పటికీ సాకుతున్నారు.

సేటుకు మాత్రం వీటన్నిటికంటే బీరు పైపు నచ్చింది. ఆ ఊళ్ళో ఒక పాత బీరు బట్టీ ఉంది. సీసాల్లో నింపే చోటు ఊరవతల. లారీలు తిరిగితే రాళ్ళు పరిచిన గల్లీలు పాడవుతున్నాయని 2016లో భూమి కింద 3 కిలోమీటర్ల పైచిలుకు పైపు వేసి బీరును అందులో పంపుతున్నారు. "వీళ్ళు బీరుకు పైపేసిర్రు, మనం మోరీకే ఎయ్యలే" అని సేటు రాత్రి పడుకునేదాకా అంటూనే ఉన్నాడు. నా స్లైడు అక్కడే పుట్టింది.

హాల్లో నేను చెప్పనిది ఒకటుంది. దిగేటప్పుడు పడవాయన అన్నాడు, మా అమ్మ చిన్నప్పుడు ఎండాకాలమొస్తే ఈ కాలువ వైపు కిటికీలు తీసేవాళ్ళు కాదు, అంత కంపు అని. ఇళ్ళ మురుగంతా అందులోకే వచ్చేదట. 1970ల నుంచి ఆ మురుగును వేరే పైపుల్లోకి మళ్ళిస్తూ పోతే నీళ్ళు బాగుపడ్డాయి. ఇప్పుడు ఎండాకాలంలో ఒకచోట జనం ఈత కూడా కొడతారు. ఇది స్లైడులో పెడితే జోకు చెడిపోతుందని పెట్టలేదు. తెలియక కాదు.

ఇక బగారా అన్నం లైను. నా ముందు ఒక పెద్దమ్మ, బిడ్డ పురుటికి ఆరు నెలల వీసా మీద వచ్చింది. చీర మీద అల్లుడి కోటు, చేతిలో పేపర్ ప్లేటు. హసన్‌పర్తి దిక్కు ఊరు. "నువ్వే కదా బొమ్మలు చూపెట్టినోనివి?" అంది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"మీ ఇల్లు ఏడ బిడ్డా?"

చెప్పాను. మా కాలనీ పేరు ఇక్కడ రాయను, నాన్న ఈ పత్రిక చదువుతాడు. నాలాకు కూతవేటు దూరం అనుకోండి.

"గా కాలనీయా? గాడ కాలువుండె. మా నాయిన నీరటి, చెరువు నీళ్ళు ఇడిసేటోడు. గా కాలువకు పాయె పెట్టినా, కట్టినా మా నాయినే. ఎండాకాలం ఎండితే మేం పోరగాండ్లం దాంట్లకెల్లే నడిచి హన్మకొండ వచ్చేటోళ్ళం." వడ్డించేవాళ్ళు ఆమె ప్లేటులో అన్నం వేశారు. చాలు చాలంటూ చెయ్యి అడ్డం పెట్టి, నా వైపు తిరగకుండానే అంది. "కాలువ ఇంట్లకొచ్చిందని అందరు నవ్విర్రు గని, ఇల్లే కాలువలకు పోయింది బిడ్డా."

వెనకాలాయన "నడవండి సార్" అంటే నడిచాను. ఆ రోజు ఏం తిన్నానో గుర్తులేదు.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. 1993లో నాన్న 200 గజాలు కొన్నాడు. జీపీఎఫ్ లోను, అమ్మ పుస్తెలతాడు, మేనమామ దగ్గర చేబదులు. అమ్మినవాడు చూపించిన కాగితం మీద ఒక మూల రెండు సన్నటి గీతలు ఉంటే, "అది పాత కాలువ సార్, ఎండిపోయి ఎన్నో ఏండ్లయింది" అన్నాడట. నాన్న నమ్మాడు. నిజం చెప్పాలంటే నమ్మాలనుకున్నాడు. వెనక గోడ ఆ గీతల మీదే లేచింది. నేను లండన్ వచ్చాక పైన ఇంకో అంతస్తు వేయించాను, ఆ డబ్బు నాది. 2020 ఆగస్టులో నాలుగైదు రోజులు ఎడతెరిపి లేని వాన. నీళ్ళు ముందు గేటులోంచి రాలేదు, వంటింటి మోరీలోంచి లేచాయి. ఫ్రిజ్ లేచి గోడకు కొట్టుకుంటుంటే అమ్మ గౌరమ్మ ఫొటో, బియ్యం డబ్బా పట్టుకుని పైకెక్కింది. నాన్న మెట్ల మీద కూర్చుని వీడియో కాల్‌లో చూపించాడు. నేను ఇక్కడ వంటగదిలో చాయ్ తాగుతూ మున్సిపాలిటీని తిట్టాను. ఊరు చూడటానికి మంత్రులొచ్చారు, నాలాల మీది కట్టడాలు తీసేయాలన్నారు, కొన్ని తీశారు. 2023 జూలైలో మళ్ళీ అదే.

మా ఇంటి హాల్లో గోడ మీద మూడున్నర అడుగుల ఎత్తున ఒక మట్టిగీత ఉంటుంది. నాన్న రెండుసార్లు రంగు వేయించాడు. వానాకాలం గోడ చెమ్మెక్కగానే అది మళ్ళీ పసుపుగా తేలుతుంది, క్యాలెండరు కింది అంచు దగ్గర. పోయినసారి వెళ్ళినప్పుడు వేలితో గీరి చూశాను. సున్నం రాలింది, గీత పోలేదు.

మన పిల్లలకు శనివారం తెలుగు క్లాసులో కాకతీయుల గొలుసుకట్టు చెరువుల గురించి చెప్పిస్తాం. పై చెరువు నిండితే మత్తడి, అంటే అలుగు, దుంకుతుంది, ఆ నీళ్ళు కాలువ పట్టుకుని కింది చెరువుకు పోతాయి, అది నిండితే దాని కిందిదానికి. గణపతిదేవుడి కాలంలో కట్టిన పాకాల, రామప్ప చెరువులకు ఎనిమిది వందల ఏళ్ళు, ఇప్పటికీ పొలాలు తడుపుతున్నాయి. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వస్తే మనం ఇక్కడ కేకు కోశాం. గొలుసు అంటే ఒక్క చెరువు కాదు కదా, చెరువుకూ చెరువుకూ మధ్యనున్న దారి కూడా గొలుసే. ఆ దారిలో ఒక కొక్కెం మీద మా వంటిల్లు ఉంది. ఈ ముక్క నేను క్లాసులో చెప్పగలనా?

నాన్నను తప్పు పట్టే ధైర్యం నాకు లేదు. ముప్పయ్యేళ్ళ కింద హన్మకొండలో గుమాస్తా జీతానికి దొరికిన నేల అదే. కాలువ గట్టున రేకుల షెడ్డు వేసుకున్నవాళ్ళకు ఆ మాత్రం కూడా దొరకలేదు. ముందు కూలేవి వాళ్ళవే. మా రెండంతస్తుల జోలికి రావడానికి సర్వేవాళ్ళకు ఎక్కువ టైం పడుతుంది, ఎందుకో మీకు తెలుసు. ప్రభుత్వం ఏమీ చేయలేదనీ అనను. మిషన్ కాకతీయలో ఊరూరా చెరువుల పూడిక తీశారు, 2024లో భద్రకాళి చెరువును ఖాళీ చేసి పూడిక పని మొదలుపెట్టారు. నాలాకు గోడలు కడుతున్నారు. అయితే గోడల మధ్య నీళ్ళకు ఎంత జాగా వదలాలో తేల్చేది ఇంజనీరు ఒక్కడే కాదు. ఫోన్లు వెళతాయి. కొన్ని ఫోన్లకు ముందు ఇక్కడి ప్లస్ నలభై నాలుగు ఉంటుంది. నేనూ ఒకసారి చేశాను.

ఇక మన సంఘం ఈసీ (కార్యవర్గం) వారితో ఒక మాట. కోపం తెచ్చుకోకండి. ఈ పత్రిక వెనక అట్ట ఒకసారి తిప్పి చూడండి. పోయిన మూడు సంచికల్లోనూ ఊరి చుట్టుపక్కల ప్లాట్ల ప్రకటనే. నీళ్ళు, నీళ్ళ ఒడ్డున విల్లా, పైన "లేక్ వ్యూ" అని బంగారు అక్షరాలు. దసరా రోజు హాలు బయట స్టాలు కూడా వాళ్ళదే, అక్కడిచ్చిన బ్యాగుల్లోనే మనం మిఠాయిలు ఇంటికి తెచ్చుకున్నాం. ఆ డబ్బుతోనే హాలు అద్దె కడుతున్నాం, బతుకమ్మ పూలు విమానంలో తెప్పిస్తున్నాం, నాకు తెలుసు. పోయినేడు ట్రెజరర్ నేనే. ఏ రోజూ ఎవరినీ ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇప్పుడు అడగమంటున్నాను. ప్రకటన తెచ్చినవాళ్ళను సర్వే నంబరు అడగండి. చెరువు నిండా నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చూపే ఎఫ్‌టీఎల్ మ్యాపు అడగండి. శిఖం భూమి (చెరువు లోపలి నేల) కాదనీ, కాలువ దారి కాదనీ నీటిపారుదల శాఖ ఇచ్చిన కాగితం అడగండి. చూపిస్తే వేసుకుందాం, చూపించకపోతే ఆ పేజీలో పిల్లల బొమ్మలు వేద్దాం. హాలు అద్దెకు తక్కువ పడితే ఈ ఏడు థర్మాకోల్ తోరణం మానేద్దాం, స్కూలు హాల్లో చేసుకుందాం, నా వంతు నేనిస్తాను. ఇంకొకటి, ఇది అడగడం కష్టమే. మనలో ఎవరి ఇల్లు అలాంటి చోట ఉందో మనకు మనమే చూసుకుందాం. సర్వే గీత మన గోడ మీద పడినప్పుడు ఫోన్లు మాత్రం చేయొద్దు. పేదవాడి షెడ్డు పోయి మన అంతస్తు మిగిలితే, ఆ నీళ్ళు మళ్ళీ మనింట్లోకే వస్తాయి.

ఆ పెద్దమ్మ నవంబరులో వెళ్ళిపోయింది. వాళ్ళ అల్లుడితో చెప్పి పంపాను, ఆ కాలువ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయేదో ఫోన్లో చెప్తుందా అని. చెప్పింది. నలభై నిమిషాలు, చింతచెట్టు, కట్టమైసమ్మ, తూము, బండ, ఒక్కోటి ఆగి ఆగి. నేను కాగితం మీద గీసుకున్నాను. సరిగ్గా మా వెనక గోడ దాటి పక్కింటి బావి దగ్గర మలుపు తిరుగుతుంది.

ఆ కాగితాన్ని ఫొటో తీసి నాన్నకు పంపాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఫోన్ చేశాడు.

"సర్వేవాళ్ళు వచ్చిపోయిర్రు. వెనక జామచెట్టుకు ఎర్రరంగు పూసిర్రు. మీ అమ్మ సున్నమెయ్యమంటుంది. ఏం జెయ్యమంటవ్?"

వద్దన్నాను.

"ఆ చెట్టు నువ్వు పెట్టిందే" అన్నాడు నాన్న, ఫోన్ పెట్టేశాడు.