చట్టంలో ఒక ‘వచ్చు’

ఈ దేశంలో ముసలివాళ్లకు ఏ లోటూ లేదని ముందే ఒప్పేసుకుందాం. 2007లోనే వాళ్ల కోసం చట్టం చేసేశాం కదా. అందులో 19వ సెక్షన్ ప్రకారం పేద వృద్ధుల కోసం జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం, కనీసం 150 మందికి చోటు, రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు ‘చేయవచ్చు’. చేయాలి అని లేదు. తెలుగులో ‘వచ్చు’ అన్నది ఎప్పటికీ రాదని ఆ చట్టం రాసినవాళ్లకి తెలీదు పాపం.

జిల్లాలు మాత్రం వచ్చాయి. తెలంగాణలో 10 కాస్తా 33 అయ్యాయి, ఆంధ్రలో 13 ఉన్నవి 2022లో 26 అయ్యాయి. అంటే ఒక్క ఇటుక ఖర్చు లేకుండా, ‘కట్టవచ్చు’ అన్న ఆశ్రమాలు కూడా అన్ని రెట్లు పెరిగాయన్నమాట. ఇంత వేగంగా ఏ శాఖ పనిచేసిందో చెప్పండి.

మా పెద్దమ్మ తుంటి ఎముక విరిగాక నేనూ ప్రైవేటు ఆశ్రమాల చుట్టూ తిరిగాను. నడిచేవాళ్లకి ఒక రేటు, మంచాన పడ్డవాళ్లకి ఒక రేటు. డిపాజిట్ వేరే, డైపర్లు వేరే, రాత్రి ఆయా వేరే. ఒక చోట నెలకి 32 వేలు అన్నారు, పైన జీఎస్టీ. సేవాసంస్థగా రిజిస్టరైనవాళ్లు నడిపితే నెలకి 25 వేల దాకా ఆ పన్ను ఉండదట, కానీ అలాంటి చోట మంచం దొరకాలంటే ఉన్నవాళ్లలో ఎవరో ఒకరు వెళ్లిపోవాలి. ఎక్కడికో మీకు తెలుసు. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించి, ఎవరి ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కుంటూ కూర్చున్న ఆ నెల గురించి నేనిక్కడ రాయను.

పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. అదే చట్టం కింద నెలకి గరిష్ఠంగా 10 వేలు ఇప్పిస్తారు. ఆ పరిమితి ఎత్తేస్తామని 2019లో బిల్లు పెట్టారు, అది పాసవకుండానే ఆ లోక్‌సభ గడువే తీరిపోయింది. బిల్లుకీ వృద్ధాప్యం వస్తుంది మరి. ఇక కేంద్రం వృద్ధాప్య పింఛనులో తన వాటాగా 80 ఏళ్లలోపు వాళ్లకి నెలకి 200 రూపాయలు ఇస్తోంది, 80 దాటితే 500. కాబట్టి పెద్దలు కాస్త ఓపిక పట్టి 80 దాటాలి.

అయినా పింఛను పెరిగినట్టు ఆశ్రమాలు ఎందుకు పెరగవు అంటే, రాజకీయం తెలిసినవాళ్లకి ఇది చిన్న లెక్క. ఆంధ్రలో 2024 జులై నుంచి పింఛను 4 వేలు, ఒకటో తారీఖు తెల్లారేసరికి గుమ్మం ముందు, ఒక్కోసారి ముఖ్యమంత్రే స్వయంగా వచ్చి మంచం మీద కూర్చుని చేతిలో పెడతారు, ఫొటో బాగా వస్తుంది. అదే ఆశ్రమంలో డైపర్ మారుస్తూ ఫొటో దిగమంటే ఏ పార్టీ నాయకుడు దిగుతాడండీ? అందుకే నాదొక సూచన. పొలం పాసుపుస్తకాల మీద ముఖ్యమంత్రి ఫొటో వేసిన రాష్ట్రానికి డైపర్ ప్యాకెట్ మీద వేయడం ఏపాటి పని? పార్టీ రంగులో ఇచ్చినా మా పెద్దమ్మకి అభ్యంతరం లేదు.

చివరికి ఓ మంచం దొరికింది. దింపి వచ్చేస్తుంటే చెయ్యి పట్టుకుని అడిగింది: “ఏరా, ఒకటో తారీఖున పింఛను ఇక్కడికి కూడా తెచ్చిస్తారా?”

తేవచ్చు పెద్దమ్మా, అన్నాను.