చిరుతకు హాజరు పట్టీ ఏదీ?

శ్రీలంక ఆగ్నేయ మూలన ఉన్న యాల జాతీయ వనంలో చిరుతపులుల క్రమశిక్షణారాహిత్యం గురించి ఇంతవరకు ఏ బాధ్యత గల పౌరుడూ నోరు విప్పకపోవడం విచారకరం. వనం ఉదయం 6 గంటలకు తెరుస్తారు, సాయంత్రం 6 గంటలకు మూస్తారు. పర్యాటకుడు తెల్లవారుజామున నాలుగింటికే లేచి, హోటలు వారు కట్టిచ్చిన చల్లారిన ఆమ్లెట్టు పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని, డాలర్ల లెక్కన టికెట్టు కొని, పాలటుపాన గేటు ముందు జీపుల బారులో వేళకు హాజరవుతున్నాడు. చిరుత మాత్రం బుద్ధి పుడితే వస్తుంది, లేకపోతే లేదు. పైగా పట్టపగలు, విధి నిర్వహణ వేళల్లోనే, పాల చెట్టు కొమ్మ మీద నాలుగు కాళ్లూ వేలాడేసి నిద్రపోతుంది.

దానికి ఏం తక్కువ చేశారని? సింహమూ పెద్దపులీ లేని దీవిలో పోటీ ఎరుగని పదవి ఇచ్చారు. వెతుక్కునే శ్రమ మనకు తగ్గాలన్న సదుద్దేశంతో కాబోలు, సుమారు 979 చదరపు కిలోమీటర్ల వనంలో జీపులన్నీ కలిసి 141 చదరపు కిలోమీటర్ల ఒకటో బ్లాకులోకే దూరుతున్నాయి. నీటిగుంటలు ఎండిపోయే సెప్టెంబరు ప్రాంతంలో చాలా సంవత్సరాల్లో ఆ బ్లాకును కొన్ని వారాలు మూసేస్తారు కూడా. అంటే కరవు సెలవు సైతం మంజూరైనట్టే. ఇంతకన్నా ఏ ఉద్యోగికి జరుగుతుంది?

మొన్న మా కుటుంబం వెళ్లినప్పటి సంగతి మనవి చేసుకుంటాను. కుడివైపు మడుగులో పిల్లతో సహా అయిదు ఏనుగులు నీళ్లాడుతున్నాయి. పిల్ల ఏనుగు తొండాన్ని ఎలా వాడాలో తెలియక నేరుగా నోటితోనే తాగుతోంది. మా అమ్మాయి "నాన్నా, చూడు" అనేలోపే డ్రైవరు ఫోను మోగింది. ఎక్కడో చిరుత కనిపించిందట. గంటకు 25 కిలోమీటర్లు దాటరాదన్న బోర్డు మా దుమ్ములో మునిగిపోయింది. దారిలో ఎలుగుబంటి ఒకటి కనిపించినట్టుంది కానీ, టికెట్టు కొన్నది దాని కోసం కాదు గనుక ఆగలేదు.

చేరేసరికి అక్కడ ముప్పైయేడు జీపులు. తీరిక ఉండబట్టి లెక్కపెట్టాను. తిరుమలలో ఇంత జనానికి కంపార్టుమెంట్లు ఉంటాయి, "జరగండి, జరగండి" అనేవారు ఉంటారు, చివరికి స్వామి తప్పకుండా ఉన్నచోటే ఉంటాడు. ఇక్కడ ఆ మూడూ కరవు. అరగంట పొగ పీల్చాక ఆకుల సందులో జానెడు తోక దర్శనమైంది. అది తోక కాదు, ఎండుతీగ అని మా ఆవిడ ఇప్పటికీ వాదిస్తోంది.

తోటి ఉద్యోగులను చూసైనా చిరుత నేర్చుకోవద్దా? ఇదే వనంలో గెమును అనే దంతాల ఏనుగు, సందర్శకులే తినిపించి అలవాటు చేసిన పుణ్యమా అని, ఆగిన జీపుల్లోకి తొండం పెట్టి తిండి పొట్లాలు తనిఖీ చేసి పేరు తెచ్చుకున్నాడు. శ్రీలంకలోనే ఉన్న మరో వనం ఉడవలవేలో ఏనుగులు రోడ్డు పక్క కరెంటు కంచె దగ్గరికే వచ్చి, దారినపోయేవారు ఇచ్చే పండ్ల కోసం నిలబడుతున్నాయి. అడవి జంతువును మనం ఎంత ప్రయోజకురాలిని చేయగలమో చెప్పడానికి వేరే రుజువు అక్కర్లేదు.

కనుక చిరుతలకు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి హాజరు తప్పనిసరి చేయాలని, కొమ్మ మీద తల రోడ్డు వైపే ఉండాలని డిమాండు చేస్తున్నాను. ఈలోగా నా దగ్గరున్న ఏకైక సాక్ష్యాన్ని, ఆ తోక ఫొటోను, ఎర్రటి సున్నా చుట్టి, బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "సున్నా బాగా వచ్చింది బావగారూ, లోపల ఏమిటది?" అని మా బావమరిది అడిగాడు.