ఒక్క సున్నా తీసేస్తే టెక్సాస్

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దునున్న మా పర్లాకిమిడి పిల్లల భవిష్యత్తు ఇన్నాళ్లూ ఎందుకు తేలలేదో మొన్న తెలిసింది. తేల్చాల్సిన కంప్యూటర్ అమెరికాలో ఉందట! అక్కడి కార్మిక శాఖ వాళ్లు ఓనెట్ అని ఒక చిట్టా పెట్టుకున్నారు. 900 పైచిలుకు వృత్తులు, ఒక్కోదానికి ఏం చదవాలి, ఏం చేయాలి, ఏ పనిముట్టు పట్టాలి అన్నీ అందులో ఉంటాయి. అమెరికా పిల్లల కోసం వాళ్లు శ్రద్ధగానే చేసుకున్నారు, కాదనను. దాన్ని తెచ్చి మా ప్లస్ టూ పిల్లల మీదికి తోలిన కెరీర్ కౌన్సెలర్ గారితోనే నా పేచీ.

ఇంట్లోంచి ఒక పెద్దమనిషి రావాలంటే మేనల్లుడి పక్కన నేను కూర్చున్నాను. మొదట 60 ప్రశ్నలు. ఒక్కోదానికి ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా అయిదు బొమ్మలు, ఏదో ఒకటి నొక్కాలి. 'వంటింటి క్యాబినెట్ తయారు చేయడం ఇష్టమా?' మావాడికి తెలిసిన క్యాబినెట్ ఒక్కటే, అది భువనేశ్వర్‌లో ఉంటుంది. 'షేర్లు, బాండ్లు కొని అమ్మడం ఇష్టమా?' చిట్టీలో మునిగిన కొంప కదా, వాడు ఆలోచించకుండా ఏడుపు మొహం నొక్కేశాడు. 'అడవిలో మంటలు ఆర్పడం ఇష్టమా?' అన్నచోట ఆగాడు.

"మావయ్యా, మహేంద్రగిరి వైపు మంట కనబడితే మనం డాబా ఎక్కి వీడియో తీస్తాం కదా, దానికి ఏ మొహం నొక్కాలి?"

కౌన్సెలర్ గారిని అడిగితే "మనసుకు తోచింది నొక్కు బాబూ, ఇక్కడ అబద్ధం చెప్పకూడదు" అన్నారు, గుళ్లో ప్రమాణం చేయిస్తున్నట్టు. కొమ్ముతో కొంగల్ని చెక్కే పనికి మా ఊరు పెట్టింది పేరు. దాని మీద మాత్రం ప్రశ్న లేదు.

అసలు వినోదం తర్వాత. మీరున్న చోట జీతం ఎంతో చూపిస్తాం, కోడ్ కొట్టండి అంది కంప్యూటర్. మా ఊరి పిన్ కోడ్ 761200 కొట్టాం. తీసుకోలేదు. వాళ్లకు అయిదంకెలే. కౌన్సెలర్ గారు ఇటు తిరక్కుండానే "చివరి సున్నా తీసేయండి" అన్నారు. తీసేశాం. 76120. ఇంకేం, టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌కు వెళ్లిపోయాం. పాస్‌పోర్ట్ లేదు, వీసా లేదు, కనీసం పలాస దాకా బస్సు టికెట్టు కూడా లేదు. ఇంత సులువని తెలిస్తే, ఒరిస్సాలో కలవాలా మద్రాసులో ఉండాలా అని 1936 ముందు మా పెద్దవాళ్లు అంత కొట్టుకునేవాళ్లు కాదు.

చివరికి గాలిమరల టెక్నీషియన్ అని తేలింది. పక్కనే ఒక సూర్యుడి బొమ్మ. ఈ ఉద్యోగానికి ముందుముందు వెలుగే వెలుగు అని గుర్తట. ఆ లెక్కన మే నెలలో మా ఊళ్లో అందరివీ వెలుగు ఉద్యోగాలే. ఫోన్ చేసి చెబితే బావగారు డాలర్లను రూపాయల్లోకి గుణించుకుంటూ అన్నం చల్లార్చుకున్నారు. అక్క మాత్రం "అంత ఎత్తు ఎక్కాలా?" అంది. ఆ రోజంతటికీ బుర్ర పెట్టి అడిగిన ప్రశ్న అదొక్కటే.

మన దేశానికీ 2015 నాటి వృత్తుల జాబితా ఉంది, 3,600 దాకా వృత్తులతో. అది తెరవలేదేం సార్ అన్నాను. "ఇందులో బొమ్మలు బాగుంటాయండీ" అన్నారు.

బొమ్మలట! పిల్లాడి బతుకు మీద బొమ్మలు అతికించడానికా పిలిచారు మమ్మల్ని? ఒడిశా ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే ఏడో తరగతి స్థాయిలోనైనా ఒడియా పాసై ఉండాలి. మావాడు బళ్లో తెలుగు తీసుకున్నాడు. అమ్మ మాట్లాడే భాష కదా అని తీసుకున్నాడు, అదే వాడు చేసిన నేరం. పోనీ మహేంద్రతనయ ఏరు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వైపు చూద్దామా అంటే, 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల నాటి నుంచీ అక్కడ లోకల్, నాన్ లోకల్ లెక్క. చదువు ఒడిశాలో కాబట్టి వీడు నాన్ లోకల్. ఏటికి ఇటు తెలుగోడు, అటు ఒడియావాడు. ఈ సంగతి ఆ గదిలో ఒక్కరైనా వాడికి చెప్పారా? క్యాబినెట్‌లు ఇష్టమా అని అడగడానికి నోరొచ్చింది గానీ, ఆ ఒడియా పరీక్ష రాసి పెట్టుకో నాయనా అని చెప్పడానికి నోరు రాలేదేం?

సాయంత్రం అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. అట్ట మందంగా, చుట్టూ బంగారు గీత. రాత మొత్తం ఒడియాలో. మావాడు ఇటు తిప్పి అటు తిప్పి నా చేతిలో పెట్టాడు.

"ఇందులో నా పేరు ఎక్కడుంది మావయ్యా?"