సవరణ: రంగు చూసి పాలిషింగ్ ప్యాడ్ ఎంచుకోవద్దు

కారు మీది గీతల్ని పాలిషింగ్ ప్యాడ్లతో పోగొట్టడం గురించి పోయిన వారం రాసినదాంట్లో తప్పు దొర్లింది. ఆరెంజ్ ప్యాడ్ కటింగ్‌కి (గీత పోయేలా పైపొర అరగదీయడానికి), తెల్లది ఫినిషింగ్‌కి (చివర్లో మెరుపు తేవడానికి) అన్నాను. అది నా దగ్గరున్న సెట్ లెక్క. రంగుల విషయంలో కంపెనీలన్నిటికీ ఒకే పద్ధతి లేదు; ఒకరి తెల్ల ప్యాడ్ మెత్తగా ఉంటే ఇంకొకరిది గట్టిగా కోసేస్తుంది. ప్యాకెట్ మీద కటింగ్, పాలిషింగ్, ఫినిషింగ్ అని ఏముందో చూడండి. వేలితో నొక్కి చూసినా కొంత తెలుస్తుంది.

ఇంకోటి, ఊలు ప్యాడ్‌తో కాంపౌండ్ (అరగదీసే గరుకు పేస్ట్) కొడితే పని అయిపోతుందన్నాను. కాదు. గీత పోతుంది గానీ మసక మిగులుతుంది. నీడలో నాకు కనపడలేదు. నల్ల కారు బానెట్‌ని ఎండలోకి తెచ్చాక గుండ్రటి చారలు బయటపడ్డాయి. తర్వాత మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్ తప్పనిసరి. కాంపౌండ్ వాడిన ప్యాడ్ మీదే పాలిష్ వేయొద్దు, గరుకు రేణువులు అందులోనే ఉంటాయి.

గోరు తగులుకునేంత లోతు గీత విషయంలో మాత్రం నా మాట మారలేదు. క్లియర్ కోట్, అంటే రంగు మీదుండే పారదర్శక పొర, మందం సాధారణంగా 40-50 మైక్రాన్లే. అంత లోతు గీతకి టచప్ పెయింటే దారి, అరగదీయకండి.