మైనస్ పదకొండు, అంతా క్షేమం

హన్మకొండలో మా మేడ మీద హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకి నడిపే రేడియో) నలభై మీటర్ల బ్యాండు కోసం కట్టిన ఏరియల్ తీగ ఒకటుంది. పొడవు తరంగంలో సగం, 20 మీటర్లు. "దాని మీద బట్టలారేస్తె ఏమైతది తమ్మీ?" అని పక్కింటి అక్క నాలుగేండ్లుగా అడుగుతున్నది. ఇన్నాళ్లూ కసురుకున్నాను. మొన్న ఆదివారం నుంచి ఆమె మాటలో న్యాయం కనిపిస్తోంది.

7.078 మెగాహెర్ట్జ్ మీద జేఎస్8కాల్ అనే, రేడియోలో అక్షరాలు పంపే సాఫ్ట్‌వేర్ వాడే హామ్‌లంతా ఉమ్మడి కాపురం చేస్తారు. దానికి ముందున్న ఎఫ్‌టీ8 పద్ధతిలోనైతే కాల్‌సైన్ (రేడియో పేరు), గ్రిడ్ (ఉన్న చోటి గడి), సిగ్నల్ రిపోర్టు ఇచ్చిపుచ్చుకుని నిమిషంన్నరలో దండం పెట్టి పోవడమే, పెండ్లికి పోయి కట్నం చదివించి బువ్వ తినకుండా వచ్చినట్టు. ఆ ఎఫ్‌టీ8నే కాస్త కబుర్లాడుకునేలా 2018లో జోర్డన్ షెరర్ అనే హామ్ మలిచాడు. ఒక్కో స్టేషన్‌కు 50 హెర్ట్జ్ జాగా చాలు. ఒక మనిషి గొంతుకు పట్టే చోట పాతిక మంది సర్దుకోవచ్చు.

మరి ఆ పాతిక మందిలో మెలకువగా ఉన్నదెవరు? అందుకు హార్ట్‌బీట్ అనే ఏర్పాటుంది. పావుగంటకోసారి నా యంత్రం "ఉన్నా" అంటుంది. విన్న యంత్రాలు "విన్నాం, ఇంత బలంగా" అంటాయి. తెర మీద పేర్లు బారులు తీరుతాయి. ఎనుమాముల యార్డులో మిర్చి సీజనంత సందడి! తీరా చూస్తే బస్తాలున్నాయి, రైతూ లేడు, సేటూ లేడు.

హైదరాబాద్ స్టేషన్ ఒకటి దొరికింది. భూమిని గడులుగా కోసే ఆ గ్రిడ్ లెక్కలో ఆయనదీ నాదీ ఒకటే గడి, ఎంకే97. కరీంనగర్ వాళ్లు ఎంకే98, పరాయివాళ్లు. సొంత గడి మనిషి కదాని ఇంగ్లిష్ అక్షరాల్లో "అన్నా, తిన్నవా?" అని కొట్టాను. ఉలుకు లేదు. "ఎస్ఎన్నార్?" అని అడిగాను, అంటే రొద ముందు నా సిగ్నల్ ఎన్ని డెసిబెల్స్‌లో వినపడుతోందని. వెంటనే జవాబు: మైనస్ 11. "ఇంట్ల అందరు మంచిదేనా?" మౌనం. "ఎస్ఎన్నార్?" మైనస్ 13. "హియరింగ్?" అంటే ఎవరెవరు వినపడుతున్నారో చెప్పాలి. నలుగురి పేర్లు పంపింది. నాలుగోది నాదే.

లోపల్నించి అవ్వ అడిగింది.

"ఎవలతోని ముచ్చట పెడుతున్నవ్ బిడ్డా?"

"హైదరాబాదాయనతోని."

"ఏమన్నడు?"

"మైనస్ పదకొండు."

"పాపం, పానం బాగలేదా?"

ఆయన ప్రాణానికేం, ఏ మాల్‌లోనో తిరుగుతుంటాడు. ఇంట్లో రేడియో మాత్రం కష్టపడి మర్యాదలు చేస్తోంది. యంత్రం యంత్రాన్ని పలకరించడం, ఆ పలకరింపును ఇంకో యంత్రం రాసుకోవడం, రాత్రి ఇంటికొచ్చి ఆ జాబితా చూసి "ఇయ్యాల పద్నాలుగు స్టేషన్లతో టచ్‌లున్న" అని మురిసిపోవడం!

నవ్వులాట ఇక్కడిదాకే. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. జనం మిద్దెలెక్కి నిలబడితే హెలికాప్టర్లు వచ్చి దించాయి. భూపాలపల్లి మనకు ఎంత దూరమని? ఫోన్లు పోయిన నాడు హామ్‌లం మేమే దిక్కని ప్రతి సభలో జబ్బలు చరుచుకుంటాం కదా. అట్లాంటి రాత్రి ఎవడో బ్యాటరీ మీద సెట్టు పెట్టి "నీళ్లొస్తున్నయ్, పిల్లలున్నరు" అని కొడితే, మన జాబితాలోని పద్నాలుగు స్టేషన్లూ ఏమంటాయి? ఏమీ అనవు! ఎస్ఎన్నార్ అడిగితే మాత్రం చెప్తాయి. మునిగేవాడికి నీ డెసిబెల్స్ ఎందుకురా? కుర్చీలో లేనివాడివి, ఆ ఆటో జవాబు బటన్ ఆపి పోవడానికి వేలు రాదా?

ఈ కోపంతోనే ఆ రాత్రి పడుకున్నాను. పొద్దున లేచి తెర చూస్తే, రెండు గంటలప్పుడు హైదరాబాదాయన రాశాడు: "తిన్న అన్నా. ఇప్పుడే వచ్చిన. ఉన్నవా?" ఆ కింద ఇంకోసారి "ఉన్నవా?" ఆ కింద "ఎస్ఎన్నార్?"

మా యంత్రం మర్యాద తప్పలేదు. మైనస్ 9 అని చెప్పింది.