విప్పితే వారంటీ పోతుందట!

"బటన్లు నొక్కడం నేర్చుకో చాలు, లోపల ఏముందో నీకెందుకు?" ఆరు నెలల్లో ఈ మాట నాతో నలుగురు అన్నారు. అమ్మినవాడు, పక్కింటి అంకుల్, ఆఫీసులో మేనేజరు, చివరికి మా బావమరిది కూడా. అందుకే ఈ పోస్టు. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపికుంటేనే చదవండి.

విషయం కాన్సర్టీనా. రెండు చేతుల మధ్య పట్టుకుని సాగదీస్తూ, మూస్తూ వాయించే ఆరు పలకల పెట్టె. మధ్యలో తిత్తి, రెండు పక్కలా బటన్లు. నాది 20 బటన్లది, ఆంగ్లో రకం, ఆన్‌లైన్‌లో కొన్నాను. చిక్కడపల్లిలో మా మూడో అంతస్తు బాల్కనీలో మొదటిరోజు వాయిస్తే మా అత్తయ్యగారు లోపల్నుంచి, "బాబూ, కింద ఎవరో గేదెను కట్టేసినట్టున్నారు, చూడండి" అన్నారు.

దీనితో చిక్కేమిటంటే, ఒకే బటన్ తిత్తి మూస్తే ఒక స్వరం, లాగితే ఇంకో స్వరం పలుకుతుంది. నెలరోజులు కుస్తీ పట్టాను. వేలు సరిగ్గా పడితే తిత్తి తప్పేది, తిత్తి సరిపోతే వేలు తప్పేది. వీడియోల్లో మాస్టర్లందరిదీ ఒకటే మంత్రం: ప్రాక్టీస్, ప్రాక్టీస్. అంతలో గాంధారం మూగబోయింది. అమ్మినవాడికి ఫోన్ చేస్తే, "విప్పకండి సార్, వారంటీ పోతుంది. కొత్తది తీసుకోండి, డిస్కౌంట్ ఇస్తాం" అన్నాడు. వారంటీలో బాగుచేస్తావా అంటే చెయ్యడట. మరి ఆ వారంటీ నాకెందుకు? ఆరు స్క్రూలు, పది నిమిషాల పని.

లోపల చూశాక కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ప్రతి బటన్ కింద చిన్న మీట, దానికో సన్నని స్ప్రింగు, మీట చివర తోలు అతికించిన గుండ్రని బిళ్ల. ఆ బిళ్ల ఒక రంధ్రాన్ని మూసి ఉంచుతుంది. బటన్ నొక్కితే బిళ్ల లేస్తుంది, గాలికి దారి దొరుకుతుంది. దాని కింద పలక మీద ఉన్నాయి అసలువి, లోహపు నాలుకలు, అవే రీడ్లు. ఒక్కో బటన్‌కి రెండు: ఒకటి అటు మొహం, ఒకటి ఇటు మొహం. తిత్తి మూస్తే బయటికి పోయే గాలికి ఒక నాలుక ఊగుతుంది, రెండోదాని దారిని చిన్న తోలు రెక్క మూసేస్తుంది. లాగితే గాలి లోపలికి వస్తుంది, అప్పుడు ఇది మూగ, అది పలుకుతుంది. 20 బటన్లు, 40 నాలుకలు.

ఇది చేతులతో వాయించే మౌతార్గానే! చిన్నప్పుడు జాతరలో కొనిపెట్టిన మౌతార్గాన్ గుర్తొచ్చింది. ఊదితే స, పీలిస్తే రి, ఊదితే గ, పీలిస్తే మ. ఇక్కడా అంతే. మూస్తే స, లాగితే రి, మూస్తే గ, లాగితే మ, మూస్తే ప, లాగితే ద. ఎడమచేతి మూడు బటన్లలో ఇంతవరకూ అయిపోతుంది. ఆ తర్వాతే మెలిక. ద తర్వాత ని కూడా లాగుడే, అదీ కుడిచేతి మొదటి బటన్ మీద. అదే బటన్ మూస్తే పై స. నెలరోజులుగా నేను తప్పుతున్నది సరిగ్గా ఆ ని దగ్గరే. ఆ సాయంత్రం తర్వాత తప్పలేదు.

గాంధారానికి వచ్చిన రోగం ఏమిటంటే, నాలుకకీ దాని చీలికకీ మధ్య ఇరుక్కున్న నూలుపోగు. "విప్పరాదు" అని రాసున్న వారంటీ కాగితాన్నే సన్నగా కత్తిరించి దాంతోనే లాగేశాను. తిరిగి బిగించేటప్పుడు మాత్రం గంట పట్టింది. ఆరు పలకల మూత ఆరు రకాలుగా కూర్చుంటుంది, సరిపోయేది ఒక్కటే. విప్పే ముందు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, నాలాగా తెలివితక్కువ పని చేయకండి.

దీని పుట్టుకలో ఇద్దరున్నారు. లండన్‌లో చార్లెస్ వీట్‌స్టన్ ఒకరు, జర్మనీలోని కెమ్నిట్స్‌లో 1834లో తనదైన రకం చేసిన ఊలిగ్ ఇంకొకరు. వీట్‌స్టన్ రకంలో లాగినా మూసినా ఒకే స్వరం. నాలాంటి ఆంగ్లో రకాలు ఊలిగ్ బాటలో వచ్చాయి. అవును, ఆ వీట్‌స్టన్నే, ఇంటర్ ఫిజిక్స్‌లో విద్యుత్ నిరోధం కొలిచే వీట్‌స్టన్ బ్రిడ్జ్ ఆయన. (ఆ బ్రిడ్జ్ కూడా మొదట చెప్పింది క్రిస్టీ అనే ఇంకొకాయన, 1833లో. పేరు మాత్రం ఈయనకొచ్చింది.) మేం ల్యాబ్‌లో ఆ ప్రయోగం ఎలా చేశామో చెప్పమంటారా? రికార్డులో జవాబు ముందే రాసుకుని, దానికి తగ్గ రీడింగులు వెనక్కి లెక్కేసుకున్నాం. లోపల ఏముందో మాకూ ఎవరూ చూపించలేదు, మేమూ అడగలేదు.

పాతబస్తీలో హార్మోనియంలు బాగుచేసే చాచా ఒకాయన ఉన్నారు. ఆయన మాత్రం నన్ను ఆపలేదు. పాత హార్మోనియం రీడు ఒకటి, చిన్న ఆకురాయి ఒకటి నా చేతిలో పెట్టారు. నాలుక కొసన గీరితే శ్రుతి పెరిగింది, బిగించి ఉన్న మొదలు దగ్గర గీరితే తగ్గింది. ఎందుకు చాచా అంటే, "కొసకు బరువు తగ్గితే జల్ది ఊగుతది బేటా. మొదలు పల్చబడితే సుస్తీగ ఊగుతది. గింతే." రెండేళ్ల ఇంటర్‌లో రానిది రెండు నిమిషాల్లో వచ్చింది.

సంగీతం టీచర్‌గారి దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. "మాయామాళవగౌళ రాగంతో మొదలుపెడదామండీ" అన్నారావిడ. సరళీ స్వరాలు అందరికీ అందులోనే కదా. ఆ రాగానికి కావాల్సిన శుద్ధ రిషభం (చిన్న రి) నా పెట్టెలో లేదు, శుద్ధ ధైవతమూ (చిన్న ద) లేదు. పోనీ షడ్జమం మార్చి చూద్దామని ఉన్న స్వరాలన్నీ ఒక్కొక్కటిగా ప్రయత్నించాను. ఎక్కడా కుదరదు. అలాంటి మధ్య స్వరాల కోసం 30 బటన్ల దానిలో మూడో వరస ఉంటుంది. సరే, నా పెట్టెలో ఉన్న స్వరాలతో కుదిరే శంకరాభరణం రాగంలోనే సాగుతున్నాం.

"గమకం రాదు కదండీ" అని కూడా అన్నారు. స్వరాన్ని ఊపడం, జార్చడం అన్నమాట. నిజమే, రాదు. నాలుక పొడవు, మందం ముందే ఖాయమైపోయాయి. తిత్తి గట్టిగా నొక్కితే శబ్దం పెరుగుతుంది గానీ స్వరం జారదు. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి హార్మోనియాన్ని దూరం పెట్టడానికి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. ఈ విషయంలో ఆవిడతో వాదించను. విప్పి చూడకపోయుంటే బహుశా వాదించేవాణ్ణే.

ఆదివారం మళ్లీ చాచా దగ్గరికి. ఈసారి కుడిపక్క ఒక తోలు రెక్క మెలితిరిగింది, స్వరానికి ముందు 'ఫట్'మంటోంది. ఎవరి దగ్గరైనా పాత మెత్తటి తోలు గ్లవ్స్ ఉంటే పారేయకండి, ఇన్‌బాక్స్‌లో చెప్పండి.